బండి పండుకొనింది

నగరి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ మోకాళ్ళకు కర్పూరం కలిపిన కొబ్బరినూనె పట్టించి ఎక్కినట్టుంది. పుత్తూరు దాటేదాకా ఆ వాసన నన్ను వదల్లేదు. ముందు సీటాయన ముఖం చిట్లించుకుని రెండు సార్లు వెనక్కి తిరిగి చూశాడు గానీ, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. రెజీనా మేడమ్ పక్కన కూర్చుంటే అచ్చం ఇదే వాసన. పగలంతా నన్ను తిరుపతి వీధుల్లో తిప్పి, సాయంత్రానికి ఎవరింటి అరుగు మీదో కూలబడి, సంచిలోంచి చిన్న సీసా తీసి మోకాళ్ళకు రాసుకుంటూ, "ఊరోళ్ళ కాళ్ళన్నీ సూసినాం, ఇంక మన కాళ్ళు సూసుకుందాం పాపా" అనేవారు.

ఆవిడది చిత్తూరు. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసి చేసి రిటైరై, ఇంట్లో ఊరకే కూర్చోలేక ఒక సర్వే పని నెత్తికెత్తుకున్నారు. ఊళ్ళో అరవై దాటినవాళ్ళు ఎందుకు కింద పడుతున్నారు, ఎక్కడ పడుతున్నారు, పడకుండా ఏం చేయవచ్చు అని ఇల్లిల్లూ తిరిగి తెలుసుకోవడం ఆ పని. పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే. నేత చీర కింద కాన్వాసు బూట్లు వేసుకుని టకటకా నడిచే ఆ మనిషిని చూసి వీధిలో పిల్లలు నవ్వేవాళ్ళు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవారు, నాకే ఒళ్ళు మండేది.

మొదటి వారం ప్రశ్నలన్నీ నన్నే అడగమన్నారు. "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా?" అని నేను చక్కగా, మర్యాదగా అడిగేదాన్ని. అందరూ లేదన్నవాళ్ళే. కర్ర పట్టుకున్నాయన లేదన్నాడు, చేతికి కట్టు కట్టుకున్నావిడ కూడా లేదంది. నేను సంబరపడిపోయాను. మేడమ్ మాత్రం పడీ పడీ నవ్వి, పడినావా అంటే ముసలివాళ్ళకు మంచాన పడినావా అన్నట్టు వినపడుతుందని చెప్పారు. మంచాన పడడం కంటే వాళ్ళకు పెద్ద భయం ఏముంటుంది, ఎవరు మాత్రం అవునంటారు అన్నారు. నాకు ఆ మాట తట్టనే లేదు. తెలుగు నాకు మాత్రం రాదా అని కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

ఆవిడ పద్ధతే వేరు. ఇంట్లోకి అడుగుపెడుతూనే బాత్రూము యాడుందని అడిగేవారు. పాపం, ఈమెకు కడుపులో ఏదో ఇబ్బంది అనుకుని వాళ్ళు హడావిడిగా దారి చూపించేవాళ్ళు. ఆవిడ గడప ఎత్తు, తడిసిన బండ, సబ్బు పెట్టే గూడు అన్నీ చూసుకుని వచ్చి కూర్చునేవారు. తర్వాత మొన్న నేనే కాలు జారి గోడ పట్టుకున్నానమ్మా అంటూ తన సంగతి ఎత్తుకునేవారు. ఆమె అంత చెప్పాక ఎదుటివాళ్ళు ఊరుకోలేరు కదా, వాళ్ళ జారడాలు, తూలడాలు, కళ్ళు తిరగడాలు ఒక్కొక్కటే బయటికొచ్చేవి. మీరు నిజంగా అన్నిసార్లు జారారా అని ఒకసారి అడిగితే, కొన్ని నిజమేలే అన్నారు.

కొర్లగుంటలో మునిస్వామి అనే ఆయన ఇంటికి వెళ్ళిన రోజు నేను ఎప్పటికీ మరచిపోను. కొండకు బస్సులు తోలి రిటైరైన డ్రైవరు. షుగరుంది. భార్య సుగుణమ్మకు మోకాళ్ళు అరిగిపోయి వీధి చివరిదాకా కూడా నడవలేకపోయేది. రోజూ సాయంత్రం ఆయన ఆమెను మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని జీవకోనలో ఉన్న ఆమె చెల్లెలింటికి తీసుకుపోయేవాడు. శ్రీసిటీలో పనిచేసే కొడుకు మాత్రం, ఒక్కసారి పడినావంటే ఆ బండి అమ్మేస్తాను నాయనా అని తెగేసి చెప్పాడట. ఆ ముక్క సుగుణమ్మే మాకు మజ్జిగ ఇస్తూ చెప్పింది. బండి పోతే ఆమెకు చెల్లెలూ లేదు, వీధీ లేదు. ఇంటి నాలుగు గోడలే.

మే నెల ఎండలో ఆయన నిండు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. వాకిట్లో మోపెడ్ హ్యాండిల్ వంకరపోయి ఉంది, ఒక అద్దం లేదు. మేడమ్ అలవాటు ప్రకారం తను జారిన కథ చెప్పారు. ఆయన ఎంతో సానుభూతిగా విన్నాడు గానీ తన సంగతి ఎత్తలేదు. బండికేమైందన్నా అని మేడమే అడిగారు.

"నేను పడలేదు మేడమ్. బండి పండుకొనింది, అంతే. నేను పక్కన నిలబడినా."

నాకు నవ్వాగక మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకున్నాను. మేడమ్ నవ్వలేదు. ఆయన్ను మంచం మీద కాళ్ళు చాపుకోమని, కళ్ళు మూసుకోమని, సంచిలోంచి సన్నటి నైలాన్ పోగు తీశారు. అరికాలికి ఇది తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. కుడి కాలికి తగిలినప్పుడు ఆయన ఊ, ఊ అంటూ వచ్చాడు. తర్వాత ఎడమ కాలు. బొటనవేలు కింద, మడమ దగ్గర, పాదం మధ్యలో, ఒక్కోచోటా ఆనించి తీస్తున్నారు. ఆయన కిమ్మనలేదు. చాలాసేపు కాచుకుని, "మొదలుపెట్టండి మేడమ్" అన్నాడు. అప్పటికి ఆవిడ ముగించి పోగు చుట్టేసుకుంటున్నారు.

ఎడమ కాలికి స్పర్శ తెలియడం లేదని ఆయనకు చెప్పారు. బండి ఆపేటప్పుడు నేలకు ఆనించేది ఏ కాలన్నా అని అడిగారు. ఎడమదేనన్నాడు, గొంతు తగ్గించి. ఆ మనిషి ముఖం చూస్తే నాకు గుండె తరుక్కుపోయింది. ఇక మేడమ్ బండి తోలొద్దంటారు, కొడుకుకు ఫోన్ చేస్తారు, అయిపోయింది అనుకున్నాను. ఆవిడ ఆ రెండు పనులూ చేయలేదు.

"అన్నా, ఇట్లాంటి కాలుతో ఒక డ్రైవరొచ్చి కొండకు బస్సు తోలతానంటే మీరేమంటారు?"

ఆయన తన పాదాన్ని ఒళ్ళోకి లాక్కుని, వేలితో తనే నొక్కి చూసుకున్నాడు.

"దిగమంటా," అన్నాడు.

చొక్కా చేతి గుండీ విప్పి, మోచేతి దాకా గీరుకుపోయిన చెయ్యి చూపించి, "పడినాను మేడమ్. రాసుకోండి" అన్నాడు. నేను పెన్ను తీస్తుంటే, తలుపు పక్కన నిలబడిన సుగుణమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అంది.

"నేను గూడా పడినా, బాత్రూములో. చెబితే ఈయన నన్ను బండెక్కించుకోడని చెప్పలా."

ఎప్పుడే అని ఆయన. నువ్వు పడకముందేలే అని ఆమె. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, నేను మాత్రం సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

కొడుకుకు ఆయనే చెప్పాడు, తాళంచెవి ఆయనే ఇచ్చాడు. బాత్రూములో గోడకు ఇనుప పిడి బిగించే మేస్త్రీని మేడమే వెతికి పట్టుకొచ్చారు, పాదం చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళారు. వానాకాలంలో మళ్ళీ మేము ఆ వీధికి వెళ్ళేసరికి దంపతులిద్దరూ పక్కింటి ఆటోలో బయలుదేరుతున్నారు. సుగుణమ్మ వెనక సీట్లో మహారాణిలా కూర్చుంది. మునిస్వామి డ్రైవరు పక్కన ఇరుక్కుని, మలుపుకు ముందు గేరు తగ్గించాలప్పా అని ఆ అబ్బాయి ప్రాణం తోడేస్తున్నాడు.

మేడమ్ ఇప్పుడు చిత్తూరులో కూతురి దగ్గర ఉన్నారు. ఫోన్ చేస్తే ముందు నా నడుము సంగతి అడిగి, తర్వాతే పిల్లల సంగతి అడుగుతారు. ఆవిడ పని నేను చేస్తున్నాను. భార్యాభర్తలున్న ఇంట్లో ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకునే అడుగుతాను. నాకూ యాభై దగ్గరపడింది. పోయిన నెల బస్టాండు మెట్ల మీద కాలు తప్పి, చెయ్యి ఆనించి మణికట్టు వాచింది. ఇంటికి రాగానే మా ఆయనకు చెప్పాను, పడినానని, ఆ మాటతోనే. ఆయన కంగారుపడిపోయి, ఊళ్ళెంట తిరిగింది చాలు, ఇంక ఇంటికాడుండు అన్నాడు.

"నన్ను ఆపమని చెప్పలేదు. నీకు తెలిసుండాలని చెప్పినా," అన్నాను.

మర్నాడు పొద్దున ఆయన నా సంచి తన భుజానికి తగిలించుకుని, బస్టాండు దాకా నాతో నడిచి వచ్చాడు.