తాతయ్య జబ్బ మీది పట్టీ

నా చిన్నప్పుడు మా నాంపల్లి ఇంట్లో చనిపోయిన మనిషి ఒకాయన కొన్ని వారాలు మాతో ఉన్నాడు. ఆయన మా తాతయ్యకు అన్న. ఫోటోలో తప్ప నేనెప్పుడూ చూడలేదు.

ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే తాతయ్య అప్పుడే సిగరెట్లు మానేశాడు. ఇంకా తాగితే ఊపిరితిత్తులు నిలవవని చెప్పిన డాక్టరు, యావ తగ్గడానికి జబ్బకు అంటించుకునే మందు పట్టీలు ఇచ్చాడు. వారం తిరిగేసరికి తాతయ్యకు మాట తగ్గింది. అన్నం ముందు కూర్చుని ఊరికే కన్నీళ్లు పెట్టుకునేవాడు. చనిపోయిన అన్న రాత్రంతా మంచం కొసన కూర్చుని అగ్గిపెట్టె అడిగాడని పొద్దున్నే మామూలుగా చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం, మెలకువగా ఉండగానే, ఎవరికో చోటిస్తున్నట్టు కాళ్లు ముడుచుకున్నాడు. అక్కడ మంచం నవారు కాస్త కుంగినట్టు నాకూ కనబడింది.

నానమ్మ భయపడి మా నాన్నను బతిమాలింది. "ఒక్కటి తాగనియ్యి బిడ్డా. మతి వోయినంక ఊపిరి ఉండి ఏం జేస్తది?"

నాన్న ఒప్పుకోలేదు. ఆమె దర్గాకు వెళ్లి తాయెత్తు తెచ్చింది. జబ్బకు కట్టబోతూ, తాయెత్తుకు అడ్డమని పట్టీని పీకి పారేసింది. ఆ రాత్రి ఎవరూ రాలేదు.

"బావ వోయిండు," అంది నానమ్మ పొద్దున్నే.

తాతయ్య నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్లి, రాత్రుళ్లు అన్న వచ్చే సంగతి డాక్టరుకు మొదటిసారి చెప్పాడు. పిచ్చి అంటారని అంతవరకు ఆయన దగ్గర దాచాడట. పట్టీ రాత్రంతా ఉంచుకుంటే కొందరికి అలాంటి కలలొస్తాయని, పడుకునే ముందు తీసేయాలని డాక్టరు అన్నాడు. సిగరెట్లు మానేసిన కొత్తలో దిగులు ఉండేదేనని, మెల్లగా తగ్గుతుందని, తగ్గకపోతే మళ్లీ రమ్మని చెప్పాడు. నవారు కుంగడం గురించి నేను నోరు విప్పలేదు.

తిరిగి వస్తూ తాతయ్య నవ్వాడు. "మీ నానమ్మకు చెప్పకు. తాయెత్తే అనుకోనియ్యి. రోజూ పట్టీ తీయనీకె ఒక మనిషుండాలె గద."

రోజూ పడుకునే ముందు, తాయెత్తుకు అడ్డమని ఆమె పట్టీ తీసేది, ఆయన బుద్ధిగా చెయ్యి చాచేవాడు. కొన్ని నెలలకు, తాగే రోజుల్లో కూడా మనసు ఇంత నిమ్మళంగా లేదని తనే అన్నాడు.

తాతయ్య చెప్పుకున్నాడు, తేలికపడ్డాడు. నేను చెప్పలేదు. చనిపోయిన ఆ పెద్దమనిషి ఆ తర్వాత చాలా ఏళ్లు నా దగ్గరే ఉన్నాడు. అందుకే ఇప్పుడు మనసు తేడాగా ఉన్న రోజున, ఎంత సిగ్గేసినా, ఒక్కరికైనా చెప్పి పడుకుంటాను.