చెయ్యి లేపించి తీసిన కొలత

మొన్న నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగి రోడ్డు దాటుతుంటే, ఒక పెద్ద ఆఫీసు ముంగట ఒకామె నిలువెత్తు అద్దం తుడుస్తున్నది. చీరె మీద నీలం కోటు, రెండు చేతులు నెత్తి మీదికి లేపినా ఆ కోటు చంకల దగ్గర పట్టలేదు, నడుము కాడ పైకి లేవలేదు. అది మా మనుమరాలి దుకాణంలో కుట్టిందే. ఎండలో నిలబడి, ఆమె అద్దం మొత్తం తుడిచేదాక చూసిన. పిచ్చిదనుకున్నదేమో, అనుకోనీ.

ఈ అద్దాల మేడలు లేవక ముందు నేను ఆ ఊరికంతా రవికలు కుట్టేదాన్ని. అక్షరం ముక్క రాదు గనుక కొలతలు రాసుకునేది లేదు. ఒక్కొక్క ఆడమనిషికి ఒక్కొక్క దారం, నడుముకో ముడి, చేతికో ముడి వేసి గోడ మేకులకు వేలాడదీసి, ఏ దారం ఎవరిదో తడిమి చెప్పేదాన్ని. మా అత్త ఇంకో పద్ధతి కూడా నేర్పింది: కొలిచేటప్పుడు మనిషిని బొమ్మలాగా నిలబెట్టొద్దు, నెత్తి మీద బిందె పట్టుకున్నట్టు చెయ్యి లేపించాలె, చంక కింద అరచేతంత గుడ్డ ముక్క అతకాలె. నాట్లేసే మనిషి రవిక చినగకుండా కాసేది ఆ ముక్కనే. యాభై దాటినంక, బడికి పోయే ఈ మనుమరాలే బట్టల మీద గీసే సుద్దతో నాకు అక్షరాలు దిద్దించింది. ఇయ్యాల నాలుగు మాటలు రాస్తున్ననంటే దాని చలవే.

ఆ పిల్లే పెద్దదై ఫ్యాషన్ డిజైన్ చదివింది. ఆఖరి ఏడు ప్రాజెక్టుకు తోటి పిల్లలంతా పెండ్లి లంగాలు, మెరుపుల గౌన్లు గీస్తే, ఇది ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే ఆడవాళ్లకు కోట్లు కుడతనన్నది, ఎందుకంటే వాళ్లకిచ్చే మగవాళ్ల తీరు కోట్లకు చీరె కుచ్చిళ్ల మీద గుండీలు పట్టవు. వాళ్ల పని చూసే ఒక సూపర్‌వైజరమ్మ, ఆరు కోట్లు కుట్టి తీసుకరా, మావాళ్లు వారం తొడిగి బాగున్నయంటే అందరికీ నీతోనే కుట్టిస్త అన్నది. అట్లయితే సొంత దుకాణం. లేకుంటే దొరికిన నౌకరిలో చేరాలని దాని నాయిన, అంటే మా కొడుకు, ముందే చెప్పిండు.

కాలేజీలో అది గీసిన బొమ్మలు చూసి మెచ్చుకున్నరు. ఆరు కోట్లు కుట్టి ఇస్తే, రెండో రోజే నాలుగు చంకల్లో చినిగి వాపసొచ్చినయి.

"ఎట్ల నిలబెట్టి కొలిచినవే?" అన్న.

"సక్కగ, చేతులు కిందికి పెట్టించి. కాలేజీల గట్లనే చెప్పిన్రు నానమ్మా."

"చేతులు కిందికి పెట్టుకొని అద్దాలు తుడుస్తరా వాళ్లు?"

నా నోరు అంతే, మెత్తగా రాదు. ఏడుస్తదనుకున్న, ఏడ్వలేదు, మూతి ముడుచుకొని లేచొచ్చి నా ఒళ్లో దారపుండ పెట్టింది. తెల్లారి ఇద్దరం వాళ్ల అన్నం వేళకు పోయి, ఒక్కొక్కరితో గోడ తుడుస్తున్నట్టు చెయ్యి లేపించినం. "అవ్వా, కొలుస్తున్నవా, చక్కిలిగిలి పెడుతున్నవా?" అని ఒకామె నవ్వితే అందరూ నవ్విన్రు.

నేను ముక్క అతికి ఇచ్చిన, కానీ నిజం చెప్పాలె, అది సంచిలాగ ఉబ్బింది. పిల్ల దాన్ని విప్పి, కాగితం మీద గీసి, చెరిపి, మళ్లీ గీసి, ఆ ముక్కను పక్క కుట్టులోనే కలిపేసింది. చెయ్యి దించితే కనపడదు, లేపితే విచ్చుకుంటది. నలభై ఏండ్లు కుట్టిన నాకు తోచలేదది. మళ్లీ వారం తొడిగితే ఒక్క కోటు కూడా వాపసు రాలేదు, అందరికీ కుట్టే పని పిల్లకే దొరికింది.

ఇప్పుడు లింగంపల్లిలో షట్టరు కిరాయికి తీసుకొని, నలుగురు ఆడవాళ్లను పెట్టుకొని దుకాణం నడుపుతున్నది. కొలతలన్నీ కంప్యూటర్‌లో ఉంటయి, పేరు కొడితే వస్తయి. నా మేకుల గోడకన్న మేలే, ఎలుకలు కొరకవు. నా దారాలు మాత్రం ఒక డబ్బాలో దాచుకున్న. తడిమితే ఏది ఎవరిదో ఇప్పటికీ చెప్తా. కొందరు లేరు, కొందరి ఇండ్లున్న కాడ మేడలు లేచినయి. అప్పట్లో చెయ్యి లేపి నిలబడ్డ మనిషి, కొలత అయిపోయినా చెయ్యి దించుడు మరిచి ఇంటి ముచ్చట్లన్నీ చెప్పేది. ఇప్పటి ఆడవాళ్లు చెయ్యి లేపిన కాడ్నుంచే గడియారం చూస్తున్నరు.