ఆముదం పూసిన హోల్‌స్టర్

తోలు కుట్టే నా ఆరె మీద, మైనం పట్టించిన నా దారం మీద ఒట్టు వేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. మెదక్‌లో నా సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వి కాగితం మడిచేస్తారు. మడవనివ్వండి. మిగతావాళ్లు చదవండి.

అది 1948. పోలీసు యాక్షన్ అయి రెండు నెలలు దాటింది. మెదక్ బజారులో నాది జీనులు, బెల్టులు కుట్టే దుకాణం. వయసులో ఉన్నప్పుడు లష్కర్ కంటోన్మెంటులో పల్టన్ గుర్రాలకు జీనులు కుట్టే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాను. పాత హోల్‌స్టర్ల పిచ్చి అక్కడే అంటుకుంది. హోల్‌స్టర్ అంటే రివాల్వర్ పెట్టుకునే తోలు ఒర. పింఛను మీద ఊరు చేరిన సిపాయిలు, వాళ్ల భార్యలు బాగుచేయమని ఇచ్చిపోయి మళ్లీ రాకపోతే అవి నా దగ్గరే ఉండిపోయేవి. అలా పదకొండు పోగయ్యాయి.

ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుంటే అదే తన కథ చెప్పేది. అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో చూస్తే ఏ కార్ఖానా పనో తెలుస్తుంది. రివాల్వర్ గొట్టం కొసన గురి చూసుకోవడానికి చిన్న ఇనుప పలుకు ఉంటుంది. దాన్ని ఫ్రంట్ సైట్ అంటారు. రివాల్వర్ తీసి పెడుతున్నకొద్దీ అది లోపలి తోలు మీద గాడి గీస్తుంది. ఆ గాడి లోతును బట్టి ఎన్నేళ్లు వాడారో చెప్పవచ్చు.

ఈ పిచ్చే ఆ రోజుల్లో నా ప్రాణం తీసింది. రజాకార్లు వచ్చి, "ఒర ఉంది, పిస్తోలు ఏది?" అన్నారు. అడవి నుంచి దళం మనిషి వచ్చి అదే మాట కాస్త మెల్లగా అడిగాడు. తర్వాత మిలిటరీ వచ్చింది, మళ్లీ అదే మాట. కుండ కనబడితే కల్లు ఏదని అడిగే రకం అందరూ! చివరికి పదకొండింటినీ ఊక గంపలో దాచి, దాని పక్కనే కూర్చుని కుట్టుకునేవాణ్ని.

అలాంటి రోజుల్లో హవేలిఘనపూర్ నుంచి మార్తమ్మ వచ్చింది. ఆమె పెనిమిటి మొదటి జర్మనీ యుద్ధంలో పల్టన్ గుర్రాలను చూసుకునే సాయీసుగా పోయి వచ్చినవాడు. చనిపోయి పదేళ్లు.

"తమ్మీ, నా కొడుకు దానియేలును మిలిటరోళ్లు పట్టుకపోయిండ్రు," అంది.

"ఏం జేసిండక్కా?"

"వాడేం జేస్తడు, నాగలి పట్టుడు తప్ప! మా ఇంట్ల హోల్‌స్టర్ ఉందని ఎవడో చాడీ చెప్పిండట. శుక్రారం లోపట పిస్తోలు తెచ్చియ్యకుంటే పట్నం జైలుకు తోలుతరట. లేని పిస్తోలు యాడికెల్లి తేవాలె?"

అంటూనే నడుము దగ్గర నుంచి ఆ హోల్‌స్టర్ తీసి, అందులోంచి సున్నపు డబ్బీ, అడకత్తెర, నాలుగు పోకచెక్కలు నా పీట మీద కుమ్మరించింది. పల్టన్‌లో తెల్లదొర ఇచ్చిన ఖాళీ ఒరను పెనిమిటి తెచ్చిన నాటి నుంచి అదే ఆమె ఆకుల సంచి!

లోపలికి చూసి నేను ఎగిరి గంతేశాను. గాడి నిండా ఎండిన సున్నం. తోలు కూడా సున్నపు డబ్బీ ఆకారానికే ఉబ్బిపోయింది. ముప్పయ్యేళ్లుగా ఇందులో రివాల్వర్ దూరలేదని గుడ్డివాడు కూడా వేలు పెట్టి చెప్పగలడు.

"శుక్రారం పొద్దున కచేరికి పట్టుకరా అక్కా. నేనొచ్చి చెప్తా," అన్నాను. పన్నెండోదాన్ని దుకాణంలో ఉంచుకునే ధైర్యం లేక ఆమె చేతికే ఇచ్చి పంపాను. నేను చేసిన తప్పు అదే.

శుక్రవారం కచేరీలో ఆఫీసరు మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. కుడి నడుముకు తళతళలాడే హోల్‌స్టర్. పక్కన గుమాస్తా సదాశివుడు, మా ఊరివాడే. నేను నోరు తెరవకముందే అందుకున్నాడు.

"సార్, గీనె మాట నమ్మకుండ్రి. తను కుట్టిన జీను ఏస్తే గాడిద గుర్రమైందని చెప్పినోడు."

"గుర్రమైందని అనలే సదాశివ్. గుర్రం లెక్క ఉరికిందన్న."

ఆఫీసరు నవ్వలేదు. "వస్తువు ఏదయ్యా?" అన్నాడు.

మార్తమ్మ తెల్లగుడ్డ మూట విప్పింది. హోల్‌స్టర్ నిగనిగలాడుతోంది. అందులో నా ముఖం నాకు కనబడింది.

"ఏం జేసినవక్కా!"

"కుంకుడు రసంతోని కడిగి, పుల్లతోని గీకి, మూడుమార్లు ఆముదం రాసిన. సర్కారు ముందటికి మురికిది ఎట్ల తెస్త? తోలుకు నూనె పెట్టకుంటే పాపమని ఇరవై ఏండ్ల సంది మొత్తుకున్నది నువ్వే గద తమ్మీ!"

నిజమే. దుకాణం మెట్టు ఎక్కిన ప్రతివాడికీ అదే పాఠం చెప్పాను. ఒక్కరూ వినలేదు. విన్న ఒక్క మనిషీ ఈ రోజే వినాలా!

"ఇంత నూనె పట్టించారంటే రోజూ వాడుతున్నట్టేగా," అని ఆఫీసరు తన రివాల్వర్ తీసి అందులో పెట్టి చూశాడు. మొన్నటి ఎండు తోలైతే సగంలోనే బిగుసుకునేది. ఆముదం తాగి మెత్తబడ్డ తోలులోకి అది సొంతింట్లోకి పోయినట్టు పోయింది.

నేను సున్నం గురించి చెప్పాను, గాడి గురించి చెప్పాను, సాయీసు గురించి చెప్పాను. అన్నీ నిజాలే. సదాశివుడు ముసిముసిగా నవ్వుతున్నాడు. "సున్నం ఏదయ్యా?" అన్నాడు ఆఫీసరు. కుట్ల సందుల్లో గోరు పెట్టి గీరాను. రవ్వంత కూడా మిగల్చలేదు మహాతల్లి. మూలన, చేతులకు తాడుతో, దానియేలు నా వైపే చూస్తున్నాడు.

అప్పుడు విసుగొచ్చి నా అసలు విద్య బయటికి తీశాను.

"సార్, ఇది ఎడమచేతివాటం మనిషిది."

"ఎలా చెప్పగలవు?"

"ఫ్లాప్ అంటే ఈ పైమూత. దీని బొత్తాం వెనక్కి జరిగి ఉంది చూడుండ్రి. కుడిచేతి వాళ్లకైతే ముందటికి కుడతరు. తోలు తెలిసిన ఆఫీసర్లకు నేను చెప్పేదేముంది?"

ఆఫీసరు హోల్‌స్టర్‌ను తిప్పి చూశాడు. గొంతు సవరించుకుని, "అవును, తెలుసు," అన్నాడు. దానియేలు కట్లు విప్పించి, బల్ల మీది తాళాలగుత్తిని ఉన్నట్టుండి అతని మీదికి విసిరాడు. దానియేలు కుడిచేత్తో పట్టుకున్నాడు.

"సరే, ఇది ఇతను వాడింది కాదు. తీసుకెళ్లండి. ఇది మాత్రం జప్తు."

కొడుకు చేతికి దక్కాడు కదా, ఇక గమ్మున నడవాలి. మార్తమ్మ గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "మరి నా సున్నపు డబ్బీ యాడ పెట్టుకోవాలె సారూ?" నేను ఆమె రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఆ వారమే ఆమెకు ఒక సంచి కుట్టిచ్చాను, బంతిలా గుండ్రంగా, ఏ సర్కారూ ఒర అనలేనంత గుండ్రంగా.

ఆ రోజు నుంచి పాత తోలు ఎవరు తెస్తామన్నా నా మొదటి మాట ఒకటే: నేను చూసేదాకా తుడవొద్దు, దాని చరిత్రంతా ఆ మురికిలోనే ఉంటుంది. రెండో పాఠం నాకు నేను చెప్పుకునేది: తోలు అబద్ధమాడదు, కానీ దాని తరఫున మాట్లాడేవాడికి ముందు నుంచీ మంచి పేరుండాలి.

ఇంతకీ ఆఫీసరు నడుముకున్నదానికీ బొత్తాం వెనక్కే ఉంది. నా లెక్కన ఆయనదీ ఎడమచేయే. మర్నాడు హోల్‌స్టర్‌ను ఎడమ నడుముకు మార్చి కట్టుకుని, రివాల్వర్ తీయలేక తిప్పలు పడుతూ బజారంతా తిరిగాడు.

ఒట్టు వేశాను గనక ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎడమచేతి సంగతి నేను ఆఫీసరు కోసం కల్పించింది, అది మీ లెక్కలోకి రాదు. మీ కోసం కల్పించింది ఒక్కటే, ఆ ఎడమ నడుము సంగతి: నిజానికి ఆయన హోల్‌స్టర్ మార్చుకోలేదు. కుడివైపే కట్టుకుని తిరిగి, బదిలీ మీద వెళ్లిపోయాడు. కానీ ఈ ముక్క ఊళ్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. మొన్న సదాశివుడు దుకాణానికి వచ్చి మరీ కోప్పడ్డాడు.

"గిప్పుడన్న అబద్ధాలు బంద్ జెయ్యి. ఎడమదిక్కు కట్టుకున్నది నా రెండు కండ్లతోని చూసిన!"