కళ్ళెం పట్టిన చెయ్యి

ఖతర్‌లో చమురు పొంగుతున్న రోజులవి. అల్ రువైస్ నుంచి దోహా వస్తున్న బస్సులో, ఒక షేక్ గుర్రాలను చూసుకునే కరీంనగర్ మనిషి నా పక్కన కూర్చున్నాడు. నా చేతిలోని పత్రికలో ఫోటో చూపించి, అమెరికాలో పేరుమోసిన డెర్బీ పందెం గెలిచిన గుర్రానికి గులాబీల దుప్పటి కప్పడం ఆచారమని గొప్పగా చెప్పాను.

“కింద ఏం రాసిన్రు సార్?”

చదివాను. గుర్రం పేరు, యజమాని పేరు, జాకీ పేరు, గుర్రం తల్లిదండ్రుల పేర్లు.

అతను ఫోటో అంచున కళ్ళెం పట్టుకున్న చెయ్యి మీద వేలు పెట్టాడు. మొహం మాత్రం ఫోటోలో లేదు.

“పూలు మీద పడితే గుర్రం బెదురుతది. వీడు పట్టకపోతే ఫోటో యాడిది? గుర్రం అవ్వ పేరు, అయ్య పేరు రాసిన్రు. వీని పేరు రాయనీకి చేతులు పడిపోయినయా?”

ఆ చెయ్యి ఉన్నంత మేర చించి జేబులో పెట్టుకున్నాడు. గుర్రాన్నీ గులాబీలనూ నాకే వదిలేశాడు.