అవ్వ గొంతు తెచ్చిచ్చిన గ్రేస్ అక్క

నిన్న పొద్దున మేడ్చల్‌లో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. గ్రేస్ అక్క వాళ్ల తమ్ముడు.

"అక్క పోయిందన్నా. హార్ట్ ఎటాక్."

ఏ అక్క అని అడిగాను.

తెలిసే అడిగాను.

అల్వాల్‌లో రెండో అంతస్తులో చిన్న గది ఆమెది. రెండు స్పీకర్లు, ఒక కంప్యూటర్. చర్చి పాటలు, పెళ్లి వీడియోలు, మా వైపు ఎవరు ఏది షూట్ చేసినా సౌండ్ సరిచేసేది అక్కే. నేను వీడియో కట్ చేసి ఆడియో పంపేవాణ్ని.

మొదట్లో నాకు ఎడమ, కుడి శబ్దాలు వేరుగా ఉండే స్టీరియోకి, అంతా ఒకటిగా కలిసిపోయే మోనోకి తేడా కూడా సరిగా తెలియదు.

శామీర్‌పేటలో నా ఫ్రెండ్ లక్ష్మి వాళ్ల అవ్వ ఇంటర్వ్యూ తీశాను. అవ్వ మైక్ ఎడమ ఛానెల్‌లో, నా మైక్ కుడి ఛానెల్‌లో. నా పక్కనే కూలర్. ఎడిటింగ్ అయ్యాక రెండూ కలిపి ఒకే మోనో ట్రాక్ చేసేసి, కెమెరా కార్డు ఫార్మాట్ కొట్టి అసలు రికార్డింగ్ చెరిపేశాను.

నెల తిరగకముందే అవ్వ చనిపోయింది.

పెద్దకర్మ రోజు అవ్వ మాటలు అందరికీ వినిపించాలని లక్ష్మి అడిగింది. ఫైల్ అక్కకు పంపాను. వెంటనే ఫోన్.

"కూలర్ సప్పుడంతా అవ్వ మాటల మీదనే ఉంది తమ్మీ. రెండు మైకులు కలిపినవా ఏంది?"

"అవునక్కా. విడదీయొచ్చు గదా?"

"పాలల్ల నీళ్లు కలిపినంక తీస్తరా?"

అక్క తిట్టలేదు.

"పరేషాన్ గాకు. కలపకముందు ఎవరికన్న కాపీ ఇచ్చినవా?"

ఇచ్చాను! కీసరలో ఉండే లక్ష్మి చిన్నాయనకు, పెన్‌డ్రైవ్‌లో, ఎడిటింగ్‌కి ముందున్న వీడియో.

ఆ రోజు ఆదివారం. అక్క చర్చి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా నా బండెక్కింది. మిట్టమధ్యాహ్నం ఎండ. చిన్నాయన ఇల్లంతా వెతికితే పెన్‌డ్రైవ్ పిల్లల బొమ్మల డబ్బాలో దొరికింది.

అందులో ఆడియో ఇంకా స్టీరియోగానే ఉంది. అక్క దాన్ని రెండు మోనో ట్రాకులుగా విడదీసి, కుడి వైపుది మూసేసింది.

కూలర్ పోయింది. అవ్వ మిగిలింది.

మాటల మధ్య ఆయాసం గట్టిగా వినిపిస్తోంది. అది కూడా తీసేద్దామన్నాను.

"ఉండనీ తమ్మీ. ఊపిరి తీసేస్తే అవ్వ యాడుంటది?"

పెద్దకర్మ రోజు లక్ష్మి వాళ్ల నాయిన స్పీకర్ పక్కనే కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అయిపోయాక, "ఇంకోసారి పెట్టు బిడ్డా" అన్నాడు.

అక్క మూడుసార్లు పెట్టింది. తర్వాత బయటికి వెళ్లి, కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చింది.

పోయిన వారం ఫోన్ చేసి, "మస్తు రోజులైంది, జల్దీ రా, చాయ్ తాగుదాం" అంది.

పని ఉందక్కా, వచ్చే వారం వస్తానన్నాను.

మేడ్చల్ నుంచి అల్వాల్ ఎంత దూరమని!

నిన్న వెళ్లాను. ఆ మెట్లెక్కాను. గదికి తాళం. లోపల్నుంచి ఒక్కసారి "తమ్మీ" అంటే చాలనిపించి, ఆ గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.

పోయి రా అక్కా.

నువ్వు నమ్ముకున్న ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.