కోడితాత

మిల్లు క్వార్టర్స్‌లో తెల్లారేసరికి తలుపులు కొట్టి మనుషుల్ని డ్యూటీకి లేపే ముసలాయన్ని అందరూ కోడితాత అంటారు. చేతిలో కర్ర, భుజాన తువ్వాలు, చప్పుడు చెయ్యని రబ్బరు చెప్పులు. ఆయన వయసులో ఉన్నప్పుడు "లేవండ్రా!" అని ఒక్క కేకేస్తే వరసంతా లేచేది. తర్వాత ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. ముఖాలు మారాయి, వంటల వాసనలు మారాయి. ఒక్కో గది ముందు ఒక్కో భాషలో లేపడం ఆయన నేర్చుకున్నాడు. ఆ మసక వెలుతురులో, సగం నిద్రలో వింటుంటే ఏ దేశంలో పడుకున్నామో తెలియదు.

"ఇంకాసేపు తాతా!"

"నీకోసం మిల్లు ఆగుతుందేంట్రా, అల్లుడా?"

ఈమధ్య చివరి గదిలోకి కొత్తాయన వచ్చాడు. అతని భాష ఎవరికీ రాదు. రెండుసార్లు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాడు. ఇంకోసారైతే పంపించేస్తానన్నాడు మేస్త్రీ. ఆ ఉదయం తాత తనకొచ్చిన భాషలన్నీ వాడాడు, భుజం పట్టి కుదిపాడు. మనిషి లేవలేదు. నిద్రలోనే నవ్వుతూ ఒకే మాట అంటున్నాడు. తాత మంచం అంచున కూర్చుని ఆ మాటే మెల్లగా అతని చెవిలో అన్నాడు. కొత్తాయన చటుక్కున లేచి గదంతా వెతికాడు. ఎవరని తాత సైగ చేస్తే, మోకాలి ఎత్తున అరచెయ్యి పెట్టి, చెవుల పక్కన రెండు పిలకలు చూపించాడు.

"పాపా? లే నాయనా, లే," అని తాత చెప్పులు అందించాడు.

మర్నాటి నుంచి ఆ తలుపు మీద కర్రతో కొట్టడం మానేశాడు. ఆ పేరు ఒక్కసారి పిలుస్తాడు. లోపల అతను వెతుక్కోవడం అయ్యేదాకా బయటే నిలబడతాడు.