ముందు మోకాళ్ళు వంచాలి

టెక్కలి వెళ్ళే షేర్ ఆటోలో, సంతబొమ్మాళి దగ్గర ఒకామె చేపల గంపతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఏం చదువుతున్నావని అడిగింది. యూనివర్సిటీలో జీవశాస్త్రమూ, దాంతోపాటు క్రీడా వ్యాయామ శాస్త్రమూ అన్నాను. అర్థం కాలేదేమోనని, బరువెత్తేటప్పుడు ఏ కండరం ఏం చేస్తుందో టెక్కలి వచ్చేదాకా వివరించాను.

"బరువులెత్తడానికీ సదువుందేటి!" అని ఆశ్చర్యపోయింది.

మార్కెట్ దగ్గర దిగాక తలమీద చుట్టకుదురు సర్దుకుని, "బావూ, గంప లేపాల. ఓపాలి సెయ్యెయ్యి," అంది. గంప తలకెక్కాలంటే ఎదురుగా ఇంకొకరు పట్టాలి. దారిన పోయేవాళ్ళెవరైనా పడతారు. ఆ పూట నా వంతు వచ్చింది.

నేను శాస్త్రం తప్పలేదు. కాళ్ళు ఎడం చేశాను. మోకాళ్ళు వంచాను. వెన్ను నిటారుగా పెట్టి, కడుపు బిగించి, గట్టిగా ఊపిరి పీల్చాను.

ఆమె కంగారుగా నా మొహంలోకి చూసింది. "ఏటైంది బావూ, కడుపునొప్పా?"

నేను ఊపిరి వదిలి జవాబు చెప్పేలోపే గంపను తొడమీదికి, తొడమీంచి తలమీదికి ఒక్క ఊపులో ఎక్కించేసుకుంది. చేపల నీళ్ళు నా చొక్కా మీద చిందాయి.

"ఇంకా ఎన్నేళ్ళుంటాది ఈ సదువు?"

"రెండేళ్ళమ్మా."

"అయితే అది అయిపోనాక రా. అప్పుడు లేపుదువు గాని," అని జాలిగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆ చదువు నిరుడు అయిపోయింది. టెక్కలిలో పనిబడితే, ఇప్పటికీ మార్కెట్ ముందునుంచి కాక, వెనక వీధిలోంచే వెళ్తాను.